ధర కాదు, తూకం చూడండి

ఒకే సరుకు రెండు సూపర్‌మార్కెట్లలో రెండు ధరలుంటే, ముందు చూడాల్సింది ప్యాకెట్ వెనక నికర తూకం. నూనెలోనే ఎక్కువ మోసపోతాం. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. అదే సైజులో కనిపించే 850 గ్రాముల ప్యాకెట్లూ పక్కనే ఉంటాయి. 850 గ్రాములు 140 రూపాయలు, 910 గ్రాములు 145 అనుకుందాం. మొదటిది చవకనిపిస్తుంది, కానీ కిలోకి దాదాపు 165 పడుతుంది. రెండోది 159 మాత్రమే.

బియ్యం బస్తాలదీ ఇదే లెక్క. 2022 జులైలో 25 కిలోల వరకు ప్యాక్ చేసిన బియ్యంపై 5 శాతం జీఎస్టీ వేశారు. 26 కిలోల బస్తాకి అది లేదు. రెండూ పక్కపక్కనే పెడితే బస్తా ధర పోల్చి లాభం లేదు, కిలోకి ఎంతో చూడాలి.

ఎమ్మార్పీ మీద ‘20 శాతం తగ్గింపు’ అన్న బోర్డును నేనైతే లెక్కలోకి తీసుకోను. ఎమ్మార్పీ గరిష్ఠ ధర మాత్రమే, తగ్గించి అమ్మడం మామూలే. ప్యాకెట్ మీద గ్రాముకో కిలోకో యూనిట్ ధర చిన్న అక్షరాల్లో ఉంటుంది, అదీ ఎమ్మార్పీ లెక్కే. కొనే ధరని తూకంతో మనమే భాగించుకోవాలి.

బిల్లు కౌంటర్ దగ్గరే చూసుకోండి. అరలో చీటీ మార్చి కంప్యూటర్‌లో పాత ధర వదిలేయడం తరచూ జరిగేదే. ఎమ్మార్పీ కన్నా ఎక్కువ వేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.