ఫ్రిజ్ ఫీడర్ కట్టాను, మీటరు పొడవు పైపు దగ్గర ఇరుక్కుపోయాను

ఉప్పునీటి చేపల ట్యాంకుకి, తిండిని ఫ్రిజ్‌లో చల్లగా ఉంచి టైముకి పైపుతో వేసే ఆటోమేటిక్ ఫీడర్ ఇంట్లోనే కట్టుకుందాం అనుకునేవాళ్ళు ముందు ఇది వినండి. ఫ్రిజ్ దొరుకుతుంది, మోటార్లు దొరుకుతాయి, కోడ్ ఎవరో ఒకరు రాసి పెట్టే ఉంటారు. మిమ్మల్ని ఏడిపించేది ఫ్రిజ్‌కీ ట్యాంకుకీ మధ్య ఉండే సన్నటి పైపు. నా గొడవ నిన్ననే తీరింది, అందుకే వేడి మీదే రాస్తున్నాను.

మాది విశాఖ. ట్యాంకులో లైర్‌టెయిల్ ఆంథియాస్ చేపల గుంపు, రెండు క్లౌన్ చేపలు, చేపల ఒళ్ళు శుభ్రం చేసే క్లీనర్ రొయ్యలు ఒక జత ఉన్నాయి. ఆంథియాస్ సముద్రంలో రోజంతా ప్లవకాలు, అంటే నీళ్ళలో తేలే చిట్టి జీవులు, ఏరుకుని తింటూనే ఉంటాయి. పొద్దున ఓసారి, రాత్రి ఓసారి వేస్తే సరిపోదు, పొట్టలు లోపలికి పోయి చిక్కిపోతాయి. నాదేమో షిఫ్టు డ్యూటీ. గుళికలు వేసే డ్రమ్ము ఫీడరుంది కదా అంటారు, మా ఊరి తేమకి గుళికలు డ్రమ్ములోనే ఉబ్బి ముద్ద కడతాయి, పైగా నా ఆంథియాస్ వాటి వంక చూడను కూడా చూడవు. గడ్డకట్టించిన (ఫ్రోజెన్) మైసిస్, ఆర్టీమియా అయితేనే తింటాయి, రెండూ రొయ్యల్లాంటి చిట్టి జీవులు. భీమిలి, భోగాపురం వైపు రొయ్య పిల్లల్ని పెంచే హేచరీలు ఉన్నాయి, అక్కడ పిల్లలకి మేత ఇదే, తెలిసినవాళ్ళుంటే ఆర్టీమియాకి కొదవ లేదు. చెరువు రొయ్యల ముక్కలు మాత్రం వేయకండి. తెల్లమచ్చ వైరస్ గడ్డకట్టించినా చావదు, చేపలకి ఏమీ కాకపోవచ్చు గానీ ట్యాంకులో రొయ్యలుంటే వాటిని పట్టుకుంటుంది.

ఫ్రిజ్ సంగతి. స్నేహితుడి దగ్గరున్న పెల్టియర్ బాక్సు, అంటే కంప్రెసర్ లేకుండా కరెంటు పలకతో చల్లబరిచే పెట్టె, తెచ్చి చూశాను. గదిలో 34 డిగ్రీలున్నప్పుడు లోపల 15 దగ్గరే ఆగిపోయింది. కరిగిన మైసిస్‌కి 4 డిగ్రీల లోపు ఉండాలి కాబట్టి కంప్రెసర్ ఉన్న చిన్న ఫ్రిజ్ పాతది కొన్నాను. పైపు కోసం పక్క గోడకి చిల్లు పెట్టకండి. చాలా ఫ్రిజ్‌లకి వేడి పైపులు ఆ గోడల లోపలే ఉంటాయి, ఫ్రిజ్ నడుస్తుండగా చెయ్యి ఆనించి చూస్తే వెచ్చగా తెలుస్తుంది. ఇప్పటి ఫ్రిజ్‌లలో చల్లదనం కోసం ఎక్కువగా వాడే ఆర్600ఏ అంటుకునే గ్యాసు, దానితో ఆటలొద్దు. తలుపులో గ్యాసు పైపులు ఉండవు, అందుకే నేను తలుపుకే చిల్లు పెట్టి ఎం-సీల్‌తో మూసేశాను.

లోపల గ్లాసు బీకరు, దాని కింద కంప్యూటర్ ఫ్యాను, ఫ్యానుకి రెండు అయస్కాంతాలు, బీకరులో తిరిగే అయస్కాంతపు కడ్డీ. మైసిస్ అడుక్కి దిగిపోతుంది కాబట్టి తిండి వేసే ముందు అర నిమిషం కలపాలి. పైపుని నొక్కుతూ తోసే పెరిస్టాల్టిక్ పంపు, దాన్ని ఆన్-ఆఫ్ చేసే రిలే, కోడ్ నడిపే ఈఎస్‌పీ32 అనే చిన్న బోర్డు, ఇవి బిగించడం ఒక ఆదివారం పని. టైము కోసం ఇంటర్నెట్‌ని నమ్ముకోకండి. కరెంటు పోయి వచ్చాక రౌటర్ లేచేసరికి ఆలస్యం అవుతుంది, ఈలోగా బోర్డుకి టైమెంతో తెలియదు. బటన్ సెల్ ఉండే డీఎస్3231 గడియారం పెట్టుకోండి.

ఇక అసలు కథ. రోజుకి నాలుగు సార్లు, పొద్దున ఎనిమిదికి, పన్నెండుకి, నాలుగుకి, రాత్రి ఎనిమిదికి, ఒక్కోసారి 8 మిల్లీలీటర్లు. మొదటి రోజు అన్నీ బ్రహ్మాండంగా తిన్నాయి. తర్వాత మొదలైంది. పొద్దున పడగానే ఎగబడతాయి, నోట్లో వేసుకుంటాయి, వెంటనే ఉమ్మేస్తాయి. మధ్యాహ్నం కూడా అంతే. సాయంత్రానికి కొంచెం నయం, రాత్రికి కొన్ని తింటాయి. ఒకే బీకరు, ఒకే తిండి, ఫ్రిజ్‌లో థర్మామీటర్ 3 డిగ్రీలు చూపిస్తోంది. బీకరులోంచి చెంచాతో తీసి చేత్తో వేస్తే శుభ్రంగా తింటున్నాయి. మిషను వేస్తే ఉమ్ముతున్నాయి. ఉమ్మిన తిండి కుళ్ళి నీళ్ళలో నైట్రేటు 10 నుంచి 40కి ఎక్కింది, ఇసుక మీద ఎర్రటి జిగురు పొర కట్టింది.

మా ఊళ్ళో ఒక అక్వేరియం షాపతని దగ్గరికి వెళ్ళాను. నలుగురు కస్టమర్ల ముందు ఫోన్‌లో వీడియో చూపిస్తే, అతను అది పూర్తిగా చూడకుండానే "ఫ్రిజ్‌లూ మోటార్లూ పెట్టి చేపల్ని చంపుకుంటున్నారు సార్, చేత్తో వేసుకునే ఓపిక లేనప్పుడు చేపలెందుకు సార్ మీకు" అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. అక్కడితో ఆగలేదు. చేపలకి జబ్బంటూ ఒక మందు సీసా చేతిలో పెట్టాడు. వెనక్కి తిప్పి చదివితే రాగి మందు. నా ట్యాంకులో క్లీనర్ రొయ్యలున్నాయని అతనికి తెలుసు, అవి కొన్నది అతని దగ్గరే. రాగి పడితే రొయ్యలు, పగడాలు బతకవు. సీసా అక్కడే పెట్టి వచ్చేశాను. ఓపిక గురించి నాకు చెప్తాడా? డ్యూటీ నుంచి వచ్చి అర్ధరాత్రి దాకా వైర్లు అతికించేది ఓపిక లేకనా? అమ్మేవాడికి తెలియకపోతే తెలియదనాలి. ప్రాణమున్న వాటి విషయంలో తోచిన మందు అంటగట్టడం పాపం.

చిక్కు విప్పింది మా అమ్మ. "ఒరేయ్, ఆ మోటారు గుర్రుమన్నప్పుడే రా వాసన, మిగతా టైములో లేదు" అంది. ఎండు చేపల బజారులో పెరిగిన ముక్కు ఆమెది, పొరపాటు పడదు. వెంటనే ట్యాంకు దగ్గర పైపు చివర పట్టుకుని ఒక గ్లాసులోకి తీశాను. పసుపుపచ్చటి నీళ్ళు, ముట్టుకుంటే జారిపోయే మైసిస్, కుళ్ళిన రొయ్య కంపు. బీకరులో ఉన్నది మాత్రం తాజాగా ఉంది.

అప్పుడు లెక్క వేశాను. ఫ్రిజ్ బయట ఉన్న పైపు ఒక మీటరు, లోపలి వెడల్పు 4 మిల్లీమీటర్లు. అంటే అందులో పన్నెండున్నర మిల్లీలీటర్లు పడుతుంది. నేను వేసేది ఎనిమిది! బయటి పైపులో మామూలు నీళ్ళు ఉంచి, పంపు తల దాకా మిఠాయి రంగు కలిపిన ఎర్ర నీళ్ళు నింపి చూశాను. మొదటిసారి ట్యాంకులో పడ్డది తెల్ల నీళ్ళే, రెండోసారి సగం దాటాక గానీ ఎరుపు కనపడలేదు. పొద్దున ఎనిమిదికి పడేది పొద్దుటిది కాదు, రాత్రి ఎనిమిదింటిది కూడా పూర్తిగా కాదు, అందులో సగానికి పైగా నిన్న సాయంత్రం నాలుగింటిది. గది వేడిలో పదహారు గంటలు పైపులో నానిన తిండి. మధ్యాహ్నం పడే దాంట్లోనూ సగానికి పైగా రాత్రిదే. చేపలు ఉమ్మింది అందుకే. నేను చూసిన వీడియోల్లో బీకరు ఎంత చల్లగా ఉందో అందరూ చూపించారు, పైపులో ఏం మిగులుతుందో ఒక్కరూ చెప్పలేదు.

దీనికి విరుగుడు చిన్నదే. ఫ్రిజ్ లోపల పంపు తర్వాత ఒక టీ జాయింటు, దానికి రెండో పంపు. తిండి 8 మిల్లీలీటర్లు పోగానే రెండో పంపు ట్యాంకు నీళ్ళే 30 మిల్లీలీటర్లు తీసుకుని వెనకనుంచి తోస్తుంది. పైపులో మిగిలేది ఉత్త ట్యాంకు నీళ్ళు. అవి ట్యాంకువే కాబట్టి ఉప్పు మారదు. నిన్న పొద్దున, మధ్యాహ్నం, రెండుసార్లూ ఒక్క ఆంథియాస్ కూడా ఉమ్మలేదు. షాపులో నవ్విన నలుగురూ వచ్చి చూసుకోవచ్చు.

ఇంకో రెండు మాటలు. తిండి పడే పైపు చివర నీళ్ళలో ముంచకండి, రెండు అంగుళాలు పైన ఉంచండి, లేకపోతే పంపు అరిగిన రోజు ట్యాంకు నీళ్ళు సైఫన్ అయి, అంటే పైపులో వాటంతటవే వెనక్కి పారి, ఫ్రిజ్‌లోకి వస్తాయి. బీకరులో రెండు రోజుల తిండికి మించి పోయకండి, రిలే ఇరుక్కుని మొత్తం ఒకేసారి పడినా ట్యాంకు తట్టుకోవాలి. వచ్చే వారం నేను క్యాంపుకి వెళ్తున్నాను. అమ్మ చేయాల్సింది రోజు మార్చి రోజు బీకరు కడిగి, జల్లెడలో కడిగిన మైసిస్, ట్యాంకు నీళ్ళు గీత దాకా పోయడమే. గీత ఎర్ర మార్కర్‌తో గీసి పెట్టాను.