బెరిల్ తుఫాను వారంలో హాట్‌స్పాట్ మీద నడిచిన ఉద్యోగాలు

2024 జూలై 8, సోమవారం తెల్లవారుజామున బెరిల్ తుఫాను టెక్సస్‌లోని మాటగోర్డా దగ్గర తీరం దాటి హ్యూస్టన్ మీదుగా సాగిపోయింది. 22 లక్షలకు పైగా ఇళ్ళకూ దుకాణాలకూ కరెంటు పోయింది. హ్యూస్టన్ శివార్లలోని కేటీ, షుగర్‌ల్యాండ్ వైపు ఉండే తెలుగు కుటుంబాలలో అదృష్టవంతులకు త్వరగానే వచ్చిందిగాని, చాలామందికి రోజులు పట్టింది. కరెంటుతోపాటే వైఫై కూడా ఆగిపోయింది కాబట్టి, ఇంటి నుంచి పనిచేసే మాబోటి సాఫ్ట్‌వేరు ఉద్యోగులకు ఆ వారం జేబులోని ఫోనే దిక్కయింది.

తుఫానులో కూడా పనేమిటని ఇండియాలో మన ఊళ్ళో ఉన్నవారికి అనిపించవచ్చు. మేనేజరు న్యూజెర్సీలో, క్లయింటు చికాగోలో, ఆఫ్‌షోర్ టీము హైదరాబాదులో ఉన్నప్పుడు, హ్యూస్టన్‌లో వచ్చిన గాలివాన మన ఒక్కరి ఇబ్బందిగానే మిగిలిపోతుంది. సెలవు అడిగితే ఎవరూ కాదనరు. అయితే గంటల లెక్కన జీతం తీసుకునే కాంట్రాక్టు ఉద్యోగికి టైమ్‌షీటులో గంటలు పడకపోతే డబ్బు రాదు. పైగా హెచ్-1బీ మీద ఉన్నవారికి, ఉద్యోగం పోతే మరొకటి వెతుక్కోవడానికి ఉండే గడువు 60 రోజులకు మించదన్న సంగతి మనసులో ఏదో ఒక మూల మెదులుతూనే ఉంటుంది. పోనీ కరెంటు ఉన్న డాలస్‌కు, బంధువుల ఇంటికి వెళ్ళి పనిచేసుకుందామా అంటే, పనిచేసే చోటు వీసా కాగితాలలో చూపిన ప్రాంతానికి ముడిపడి ఉంటుంది. కొద్ది రోజులకు వెసులుబాటు లేకపోలేదుగాని, దాన్ని వాడుకునే ముందు కంపెనీ లాయరును అడగాలి, అలా అడుగుతూ ఈమెయిలు పంపడానికైనా నెట్ ఉండాలి.

ఆ రోజుల్లోనే తెనాలి నుంచి మా నాన్నగారు ఫోను చేసి, "ఫోన్లో నెట్టు వస్తోందిగా, హాట్‌స్పాట్ పెట్టుకుని పని చేసుకోరా, దానికింత హైరానా ఎందుకు?" అన్నారు. ఆయన లెక్కలో తప్పేమీ లేదు. 2016లో జియో వచ్చిన దగ్గర నుంచి మన ఊళ్ళలో రోజువారీ డేటాను ఫోనులోనే వాడుకున్నా, ల్యాప్‌టాప్‌కు మళ్ళించినా సాధారణంగా ఒకటే పద్దు. ఇక్కడ అలా కాదు. ఫోనులో ఎంత వాడినా అడగని కంపెనీ కూడా హాట్‌స్పాట్‌కు మాత్రం నెలకు ఇన్ని గిగాబైట్లని వేరే హద్దు పెడుతుంది. అది దాటితే వేగం, కంపెనీనీ ప్లానునూ బట్టి, సెకనుకు 600 కిలోబిట్లకో, 128 కిలోబిట్లకో దిగిపోతుంది. హద్దు దాటకపోయినా, పేటలోని వైఫైలన్నీ ఒక్కసారిగా పోయి అందరూ ఒకే టవరు మీద పడ్డప్పుడు, ఖరీదైన ప్లాన్ల వారి తరువాతే మిగతావారి వంతు వస్తుంది. తెల్లవారుజామున చురుగ్గా నడిచిన నెట్, ఊరంతా లేచి ఫోన్లు పట్టుకునే వేళకు చతికిలబడడం అందుకే.

కాబట్టి పొదుపు నేర్చుకోక తప్పలేదు. వీడియోతో జరిగే మీటింగు గంటకు ఒక గిగాబైటు సులువుగా తినేస్తుంది. కెమెరా, స్క్రీన్ షేరింగు రెండూ మానేసి మాటలకే పరిమితమైతే వంద మెగాబైట్లలోపే సరిపోతుంది. ఆఫీసు కంప్యూటరును దూరం నుంచి తెరిచి పనిచేసేవారు దాని స్క్రీను సైజునూ రంగులనూ తగ్గించుకుంటే కొంత ప్రాణం తెరిపిన పడుతుంది. విండోస్‌లో ఆ కనెక్షనును ‘మీటర్డ్’ అని గుర్తించకపోతే, అదేదో తరగని వైఫై అనుకుని అప్‌డేట్లు దించుకోవడం మొదలుపెడుతుంది. ఇంట్లోని మిగతా ఫోన్లదీ అదే తీరు: హాట్‌స్పాట్‌కు తగిలించగానే వైఫై దొరికిందని సంబరపడి నెలరోజుల ఫొటోలను క్లౌడ్‌కు ఎక్కించే పనిలో పడతాయి. కార్టూన్ల కోసం పిల్లలు ఎంత బతిమాలినా పాస్‌వర్డు చెప్పకపోవడం ఆ వారం మా ఇంటి చట్టం.

సిగ్నలు సంగతి మరొకటి. ఇటుక గోడల ఇళ్ళలో టవరు సిగ్నలు సరిగా అందదు. మామూలు రోజుల్లో ఫోను వైఫై మీదనే మాట్లాడిస్తుంది కాబట్టి ఆ లోటు బయటపడదు. మేడ మీద గదిలో, టవరు వైపు ఉన్న కిటికీ గట్టు మీద ఫోను పెట్టి, యూఎస్‌బీ తీగతో ల్యాప్‌టాప్‌కు కలిపితే కాస్త నిలకడగా వచ్చేది. ఏసీ లేని ఇంట్లో జూలై ఎండ తగిలే గట్టు మీద ఫోను వేడెక్కి చార్జింగు ఆపేస్తుంది కాబట్టి, దాని మీద తెల్లని చేతిరుమాలు కప్పేవాణ్ణి. ఛార్జింగంతా కారులోనే. గరాజులో నుంచి కారును బయటికి తీశాకే ఇంజను వేయాలన్న మాట ఒకరికొకరు చెప్పుకుంటూనే ఉన్నాం, ఎందుకంటే ఇలాంటి రోజుల్లో తుఫాను వదిలేసినవారిని ఇంజన్ల, జనరేటర్ల విషవాయువు పట్టుకుంటుంది.

ఏ పేటలో కరెంటు ఉందో తెలుసుకోవడానికి మేము చూసింది ఒక బర్గరు దుకాణాల యాప్. మ్యాపులో వాటాబర్గర్ కొట్టు నారింజ రంగులో ఉంటే తెరిచినట్టు, బూడిద రంగులో ఉంటే మూసినట్టు. కరెంటు కంపెనీ లెక్కకన్నా ఊరు దాన్నే నమ్మింది.

ఇంత అవస్థలో నాకు బాగా తెలిసివచ్చింది టవరు కూడా కరెంటు మీదా, ఫైబరు మీదా బతికేదేనని. 2005 కత్రీనా తుఫాను తరువాత టవర్లకు కనీసం 8 గంటల బ్యాటరీ ఉండాలని అమెరికా కేంద్ర కమ్యూనికేషన్ల కమిషను (ఎఫ్‌సీసీ) నిబంధన తెచ్చినా అది అమలులోకి రాలేదు. ఒకే కంపెనీవైతే రెండూ ఒకేసారి పోవచ్చు, అందుకని ఇంటి నెట్, ఫోను రెండూ ఒకే కంపెనీవి పెట్టుకోవడం నా దృష్టిలో తెలివైన పని కాదు. భూమిలోపల ఫైబరు చెక్కుచెదరని ఇళ్ళలోనైతే, గోడకున్న ఫైబరు పెట్టెకూ రూటరుకూ చిన్న బ్యాటరీ తగిలిస్తే ఇంటి నెట్టే మళ్ళీ వస్తుంది, ఆ రెంటికీ కలిపి ఎల్‌ఈడీ బల్బులు రెండుమూడింటికి పట్టేంత కరెంటు చాలు. మా వీధిలో ఈ చిట్కా కనిపెట్టిన గుంటూరు అన్నయ్య ఇంటి వరండా రెండు రోజుల పాటు మా ఆఫీసు. ఇప్పుడు ఆ బ్యాటరీ నా దగ్గరా ఉంది. తుఫానుల కాలం మొదలయ్యే జూన్‌లో వేరే కంపెనీ ఈసిమ్ (కార్డు లేకుండా ఫోనులోనే ఎక్కించుకునే సిమ్) ఒకటి ప్రీపెయిడ్ మీద తీసుకుని, కాలం ముగిసే నవంబరు ఆఖరున వదిలేస్తున్నాను.