13 సంచుల బొగ్గు ఎటు పోయిందన్నారు: బయోచార్‌తో నా అనుభవం

మా బయోచార్ (చేన్లో కలపడానికి పంట కట్టెతో చేసే బొగ్గు) లెక్క ఓకే అయిందని నిన్న సాయంత్రం మెసేజ్ వచ్చింది. పదిహేను రోజుల తర్వాత రాత్రి నిండా నిద్రపోయాను. మా ఊళ్లోనే ఇంకో నలుగురు ఈ పనిలోకి దిగుతామంటున్నారు, వాళ్ల కోసం రాస్తున్నాను.

మాది నల్గొండ జిల్లా. మూడెకరాల ఎర్ర చెలక, పత్తి వేస్తాం. ఏరడం అయిపోయాక కట్టె పీకి, కుప్పేసి అగ్గి పెట్టడమే ఇన్నేళ్లూ చేసింది. పొలంలో వదిలేస్తే గులాబీ రంగు పురుగు అందులోనే దాక్కుని మళ్లీ వస్తుంది కాబట్టి తీసేయక తప్పదు. ఈసారి ఒక సంస్థ వాళ్లు వచ్చి, కట్టెను బొగ్గు చేసి చేన్లో కలిపితే కార్బన్‌ను గాలిలో కలవకుండా నేలలో దాచినందుకు ఇచ్చే కార్బన్ క్రెడిట్ డబ్బులు వస్తాయన్నారు. ఆధార్, పాస్‌బుక్, బ్యాంకు కాగితాలు ఇచ్చాం. ఒక్క పూటలో అయిపోయింది.

కాల్చడం కూడా కష్టం కాలేదు. కాన్-టికి అనే పద్ధతి ఇది. 2014లో స్విట్జర్లాండ్‌లో ఇనుప గిన్నెలాంటి దాంట్లో మొదలుపెట్టారట, మాకు నేలలో గరాటులా తవ్విన గుంతే చాలు. పైనుంచి అంటించాలి. పైవరుస మీద తెల్లగా బూడిద కనబడగానే ఇంకో వరుస కట్టె వేయాలి. కింది పొగను పైమంటే తినేస్తుంది. కట్టె మాత్రం పుటుక్కున విరిగేంత ఎండాలి, పచ్చిగా ఉంటే ఊరంతా పొగే. మా గుంత మీద పొగ లేదని పక్క చేనువాళ్లు వచ్చి చూసిపోయారు. అంత శుభ్రంగా కాల్చింది ఆ బ్యాచ్‌లో మేమే, ఈ మాట ఎవరి ముందైనా అంటాను.

నిల్వ దగ్గర అందరూ జాగ్రత్తగా ఉండాలి. మొదటి గుంతకు నీళ్లు పోశాం, పైన చల్లబడింది. తెల్లారి పారతో తిరగేస్తే మధ్యలో ఎర్రటి నిప్పు! ఒక తట్టెడు బూడిదైపోయింది. కొత్త బొగ్గు గాలి పీల్చుకుని తనంతట తానే వేడెక్కుతుంది. ఓడల్లో పంపేటప్పుడు కూడా దాన్ని అలా అంటుకునే సరుకుగానే లెక్కిస్తారని శిక్షణలో చెప్పారు. అందుకే ఇంట్లో, గడ్డివాము పక్కన పెట్టొద్దన్నది రూలు. మేము రెండు రోజులు తడిపి, చెయ్యి లోపలిదాకా పెట్టి చూసి, అప్పుడు యూరియా సంచులకెత్తి బోరు దగ్గరి రేకుల కొట్టంలో పేర్చాం.

ఇక లెక్క దగ్గరికి వస్తాను. ప్రతి గుంతలో బొగ్గు ఎంత లోతుందో కొలకర్ర పెట్టి ఫొటో తీసి యాప్‌లో ఎక్కించాలి. గుంతకు 600 లీటర్ల చొప్పున ఆరు గుంతలకు 3,600 లీటర్లని యాప్ చూపించింది. సంచికి 60 లీటర్లు పడుతుందని వాళ్లే రాసుకున్నారు, అంటే 60 సంచులుండాలి. మే నెలాఖరులో తనిఖీకి వచ్చినాయన లెక్కపెడితే 47 ఉన్నాయి.

"అక్కా, 13 సంచులు ఎటుపోయినయ్?" అన్నాడు.

"ఎటూ పోలేదు బాబూ, సంచులకెత్తేటప్పుడు కాళ్లతో తొక్కి నలగ్గొట్టినం. నలిగితే తగ్గదా?" అన్నాను.

ఆయన వినలేదు. మా మామయ్య, కూలికి వచ్చిన ఆడవాళ్లు, పక్క చేను అన్న అందరూ చూస్తుండగా, "ఇస్త్రీ బండికి అమ్మినవా, చాయ్ హోటల్‌కు అమ్మినవా, నిజం చెప్పు" అన్నాడు. నా కొడుకు వయసువాడు. చేతులకింకా నల్లమసి పోలేదు నాకు. ఆ మాటకు నోట మాట రాలేదు. ఆయన "తేడా ఉంది" అని ఫోన్లో కొట్టేసి బండెక్కి వెళ్లిపోయాడు.

అమ్మకూడదన్న రూలును నేను తప్పుపట్టను. మొక్క గాలిలోంచి తీసుకున్న కార్బన్ బొగ్గుగా మారి నేలలో చాలా ఏళ్లు ఉండిపోతుంది కాబట్టే ఆ డబ్బులు. పొయ్యిలో పెడితే మళ్లీ పొగే. కానీ బొగ్గు గుణం తెలియకుండా మనిషిని దొంగ అనడం ఏం న్యాయం?

మూడు రోజులు అన్నం సయించలేదు. వాళ్ల ఆఫీసుకు ఫోన్ చేస్తే "టికెట్ రైజ్ చేయండి" అన్నారు, అంటే ఫిర్యాదు నమోదు చేయాలట, అదెక్కడ చేయాలో చెప్పలేదు. రూల్స్ కాగితమేమో ఇంగ్లీషులో ఉంది. డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి అంతా చదివి, "తొక్కితే ఎంత తగ్గుతుందో కొలిచి చూపిద్దామమ్మా" అంది. 200 లీటర్ల నీలం డ్రమ్ము తెచ్చాం. గుంతలో అడుగున మిగిలిపోయిన నలగని బొగ్గు ముక్కలతో అంచుదాకా నింపాం. అదే బొగ్గును పట్టా మీద పోసి తొక్కి మళ్లీ అదే డ్రమ్ములో పోస్తే పైన జానెడు ఖాళీ. టేపు పెట్టి కొలిస్తే అయిదో వంతుకు పైనే దిగింది. మన 13 సంచులూ 60లో అంతే కదా! మొదటినుంచి చివరిదాకా వీడియో తీసి, సంచుల ఫొటోలతో కలిపి ఆ తనిఖీ ఆయనకూ, ఆయన పైవాళ్లకూ పంపాం. వారం తర్వాత ఇంకో పెద్దాయన వచ్చి తన చేత్తో కొలుచుకుని సరే అన్నాడు. మొదటాయన నుంచి సారీ అన్న మాట ఈ రోజుకీ లేదు.

కొత్తగా చేసేవాళ్లు సంచి సంచికీ నంబరు వేసి ఫొటో తీసుకోండి. నలగ్గొట్టకముందు ఎంత, తర్వాత ఎంత అన్నది మీ నోటుబుక్‌లో రాసుకోండి. యాప్‌ను నమ్ముకోకండి. రూల్స్ తెలుగులో రాసిమ్మని మొదటి రోజే అడగండి.

చల్లడానికి పెద్ద కథ లేదు. వట్టి బొగ్గు చల్లితే నేలలోని నత్రజనిని పట్టేసుకుని పైరు పసుపెక్కుతుంది, అందుకే పశువుల పెంటలో కలిపి మాగబెట్టాం. కలిపేటప్పుడొక ఫొటో, చల్లేటప్పుడొక ఫొటో, రెండింట్లోనూ లొకేషన్ రావాలి. మా చేన్లో సిగ్నల్ ఉండదు, ప్రతిసారీ చెరువు కట్ట ఎక్కి పంపాల్సిందే. పొడిగా చల్లితే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, తడిపి, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. పక్క చేను అన్న తన చౌడు భూమికి రెండు బండ్లు అడిగాడు. బొగ్గుకు క్షార గుణం ఉంటుంది, చౌడుకు అది ఇంకా చేటు చేస్తుందని చెప్పి ఇవ్వలేదు. కోపం వచ్చింది, రానీ.

ఒక ఎకరంలో సగం చల్లాం. రాత్రి వాన పడింది, నేల మెత్తగా ఉంది. రేపు పొద్దున గాలి లేవకముందే మిగతా సగం కానిచ్చేయాలి.