వయ్యారిభామ, చిన్నదాని పోస్టరు

వేరుశనగను ఒక వైరస్ తెగులు నుంచి కాపాడేలా మొక్క జన్యువులు మార్చే ప్రాజెక్టు ఒకటి మా చిన్నది, తోటి పిల్లలు చేస్తున్నారు. రాత్రి భోజనాల దగ్గర ఆ పోస్టరు చూపించింది. అప్పటి నుంచి అందులోని ఒక వాక్యం మనసును తొలుస్తూనే ఉంది. "రైతుల్లో అవగాహన లేకపోవడం వల్ల తెగులు వ్యాపించింది" అట!

2000 ఖరీఫ్‌లో మా నాయన వేరుశనగ చేను చూసి ఉంటే ఎవరూ ఆ మాట రాయరు. కళ్యాణదుర్గం దారిలోని ఆ చేను ఆగస్టు దాకా ఏపుగా ఉండింది. తర్వాత లేత ఆకుల మీద మచ్చలు లేచాయి, మొవ్వు ఎండింది, కాండం నల్లబడింది. నాయన గట్టు మీద కూర్చుని మొక్క పీకి, ఒక్కొక్క కాయనూ గోటితో గీకి చూశాడు. గింజ కట్టని చిన్న కాయలు, పొట్టు మీద నల్లటి మచ్చలు. చూడ్డానికి వచ్చినవాళ్లు మొవ్వుకుళ్లు అన్నారు, దానికే మందు కొట్టాం. అది టొబాకో స్ట్రీక్ వైరస్ అని పరీక్షల్లో తేలింది ఆ తర్వాతే. ఆ ఏడు మా అనంతపురం జిల్లాలో రెండు లక్షల హెక్టార్లకు పైగా పంట దెబ్బతింది. శాస్త్రవేత్తలే అప్పుడప్పుడే కనిపెట్టినదాన్ని రైతు ముందే తెలుసుకుని ఉండాలా? అందరి ఇళ్లలోనూ విత్తనాల అప్పు మిగిలిన ఏడు అది.

అందుకే కోపంలో ప్రాజెక్టే అనవసరం అనుకున్నాను. ఈ వైరస్ వయ్యారిభామలో ఏ జబ్బూ కనిపించకుండా దాక్కుంటుంది. దాని పుప్పొడిని తామర పురుగులు వేరుశనగ మీదికి మోసుకొస్తాయి. పూతకు రాకముందే ఆ కలుపు పీకి, పురుగులకు అడ్డుగా చేను చుట్టూ జొన్న సాళ్లు వేస్తే సరిపోతుంది కదా, మొక్క జన్యువుల జోలికి పోవడం దేనికి?

ఇంతవరకు రాశాక అమ్మ చేతులు గుర్తొచ్చాయి. మరుసటి ఏడు మా గట్ల మీది వయ్యారిభామంతా ఆమే పీకింది. మోచేతుల దాకా దద్దుర్లు లేచాయి, రాత్రుళ్లు గోక్కుంటూ నిద్రపోయేది కాదు. మా చేను శుభ్రమైంది. కానీ రోడ్డు పక్కన, చెరువు కట్ట మీద, బీడు భూముల్లో అది నడుము ఎత్తున పూస్తూనే ఉంది. పురుగులకు మన గట్టు, ఊరి గట్టు అని తేడా ఉండదు.

మరి మొక్కే తనను తాను కాచుకోగలిగితే? పిల్లలు చేస్తున్నది అదే. వైరస్ పైతొడుగు ప్రోటీను జన్యువులోంచి ఒక ముక్క తీసుకుని, దాన్నే తిరగేసి పక్కన అతికించి మొక్కలో పెడతారు. అప్పుడు మొక్క రెండు పేటల ఆర్‌ఎన్‌ఏ (జన్యు సమాచారం ఉండే పోగు) తయారుచేసి, దాన్ని తానే చిన్న ముక్కలుగా కోస్తుంది. ఆ ముక్కలతో సరిపోలే వైరస్ ఆర్‌ఎన్‌ఏ వస్తే దాన్నీ నరికేస్తుంది. హవాయిలో బొప్పాయిని రింగ్‌స్పాట్ వైరస్ నుంచి 1998లో గట్టెక్కించింది కూడా పైతొడుగు ప్రోటీను జన్యువే.

ప్రస్తుతానికి పొగాకు జాతి మొక్క ఆకులోనే ప్రయత్నిస్తున్నారు. సూది లేని సిరంజిని ఆకు అడుగున ఆనించి నొక్కితే ఆగ్రోబాక్టీరియం (మొక్కలోకి జన్యువులను చేర్చే బాక్టీరియా) కలిపిన నీళ్లు లోపలికి పాకి, ఆ మేర ఆకు తడిసి ముదురు రంగుకు తిరుగుతుంది. జన్యువు చేరిందో లేదో తెలియడానికి పెట్టిన మెరిసే ప్రోటీను వల్ల, కొద్దిరోజులకు నీలికాంతిలో అక్కడే పచ్చగా మెరిసింది. ఫోనులో ఆ బొమ్మ చూపిస్తూ చిన్నది నవ్విన నవ్వు బాగుంది.

వేరుశనగ దాకా రావడానికి ఏళ్లు పట్టవచ్చు. అందుకే జొన్న సాళ్ల మాట కూడా పోస్టరులో ఉండాలి. ఆ వాక్యం మాత్రం తీసేయాల్సిందే. రేపు నాయనకు ఫోను కలిపి ఇస్తాను, ఆ ఏడు ఏం జరిగిందో ఆయన నోటనే విని రాసుకుంటుంది.