చుట్టింట్లో పెరిగిన కన్ను

ఆదివారం, పొందూరు.

సైకాలజీ ప్రాక్టికల్ రికార్డులో ముల్లర్-లయర్ ప్రయోగం ఒక్కటే మిగిలింది, గీతల పొడవు చూడటంలో కన్ను ఎంత మోసపోతుందో కొలిచేది. సబ్జెక్టు, అంటే ప్రయోగానికి కూర్చునే మనిషి, మా వయసువాళ్లు కాకూడదని, అరవై దాటినవాళ్లే కావాలని మేడం షరతు పెట్టారు. న్యాయమైన షరతే. విశాఖలో మా తరగతి వాళ్లమంతా చేరిన నాటి నుంచి ఒకరి మీద ఒకరం ప్రయోగాలు చేసుకుంటూనే ఉన్నాం. ఎవరికి ఎన్ని అంకెలు గుర్తుంటాయో, అద్దంలో చూస్తూ నక్షత్రం గీయమంటే ఎవరి పెన్సిలు ఎక్కడ గీత దాటుతుందో అందరికీ తెలిసిపోయింది. జవాబు ముందే తెలిసిన మనుషులు ఏ ప్రయోగానికీ పనికిరారు.

అందుకే డిపార్ట్‌మెంటు రిజిస్టరులో సంతకం పెట్టి, ప్రయోగానికి వాడే చెక్కపట్టీని తువ్వాలులో చుట్టి, నిన్న ప్యాసింజరులో ఇంటికి తెచ్చుకున్నాను. సీటులో పక్కనున్న పెద్దాయన దాన్ని చూసి ఏం చదువుతున్నావమ్మా అని అడిగారు. అప్లైడ్ సైకాలజీ అన్నాను. "అంటే మనసులో మాట కనిపెట్టేస్తావన్నమాట" అంటూ అరచేయి చాపారు. హస్తసాముద్రికం ఏ విభాగం కిందికి వస్తుందో ఆయనే నిర్ణయించుకున్నారు. చీపురుపల్లి వచ్చేదాకా ఆ చేయి నా ముందే ఉంది.

ఆ పట్టీ చూడటానికి సాదాసీదా వస్తువు. ఒక సగంలో పదిహేను సెంటీమీటర్ల గీత, రెండు కొసలా బాణపు మొనలు. రెండో సగంలో జరిపే పలక. దాని మీది గీతకు కొసల్లో రెక్కలు బయటికి విచ్చుకుని ఉంటాయి. పలకను జరుపుతూ, రెండు గీతలూ సమానంగా కనిపించినచోట ఆపమని అడుగుతాం. రెక్కలున్న గీత ఉన్నదానికన్నా పొడవుగా కనిపిస్తుంది కాబట్టి, అది ఇంకా పొట్టిగా ఉండగానే దాదాపు అందరూ ఆపేస్తారు. పదిహేనుకు ఎంత తక్కువలో ఆపారో అదే భ్రమ కొలత. పొడవు నుంచి పొట్టికి కొన్నిసార్లు, పొట్టి నుంచి పొడవుకు కొన్నిసార్లు, కుడి ఎడమలు మార్చి మళ్లీ. జర్మనీకి చెందిన ఫ్రాంజ్ ముల్లర్-లయర్ ఈ బొమ్మను 1889లో ప్రచురించాడు. రెండు గీతలూ సమానమేనని స్కేలు పెట్టి చూసుకున్నాక కూడా కన్ను ఒప్పుకోదు. ఈ చదువులో నాకు మొదట నచ్చింది కన్నుకున్న ఆ మొండితనమే.

పొద్దున టిఫిన్లయ్యాక అమ్మను కూర్చోబెట్టాను. రికార్డుకు అమ్మ వయసు చాలదు, అయినా చేయి అలవాటు పడుతుందని. పొయ్యి మీద పప్పు ఉందంటూనే చకచకా జరిపేసింది. సగటున రెండు సెంటీమీటర్ల పైనే మోసపోయింది, అంటే మా తరగతితో ఇంచుమించు సమానం. నాన్న రానన్నారు. ఆయనకు ఈ పట్టీ మీద కోపం లేదు, దీని తర్వాత ఉద్యోగం ఏమిటన్నదే ఆయన ప్రశ్న. కంపెనీల్లో మనుషుల్ని ఎంపిక చేసే పని, బడుల్లో పిల్లల పని, ఆసుపత్రుల్లో పని అని ప్రతి సెలవులోనూ చెబుతూనే ఉంటాను. డిగ్రీ చేతికి రాగానే ఎవరూ క్లినికల్ సైకాలజిస్టు అయిపోరని, దానికి వేరే ప్రత్యేక శిక్షణ, రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ కావాలని కూడా ఒకసారి చెప్పాను. ఆ వాక్యం చెప్పకుండా ఉండాల్సిందేమో, ఆయనకు అదొక్కటే గుర్తుండిపోయింది.

అసలు సబ్జెక్టు అమ్మమ్మ. డెబ్భై దాటింది. మధ్యాహ్నం వరండాలో వెలుతురు బాగున్నప్పుడు స్టూలు వేసి పట్టీ పెట్టాను. సూచనలు అందరికీ ఒకేలా చదివి వినిపించాలి. చదివాను. "ఇంత మర్యాదగా మాట్లాడుతున్నావేమిటే, ఎవరైనా వింటున్నారా?" అని వీధి వైపు చూసింది. నవ్వకుండా మళ్లీ చదివాను. కళ్లజోడు తీసి, చీర కొంగుతో తుడిచి, పెట్టుకుంది.

పలక జరపడంలో ఆమెకు తొందర లేదు. జరిపి ఆపేది, మళ్లీ వెంట్రుకవాసి వెనక్కి లాగేది. మధ్యలో పాలవాడు వచ్చాడు, కోడి అరుగెక్కింది, ఆమె చూపు తిప్పలేదు. వెనకవైపున్న స్కేలు మీద అంకె చదివి రాస్తూ పోయాను. పద్నాలుగు పైన. మళ్లీ పద్నాలుగు పైన. దిక్కు మార్చినా అంతే. లెక్క చూస్తే సగటు తేడా సెంటీమీటరు కూడా లేదు.

రికార్డులో చివర ఒక గడి ఉంటుంది: చేస్తున్నప్పుడు మీకు ఏమనిపించింది అని సబ్జెక్టును అడిగి, చెప్పింది చెప్పినట్టు రాయాలి. మా తరగతిలో అందరూ అందులో "ఆసక్తిగా అనిపించింది" అని రాసి వదిలేస్తారు. అమ్మమ్మ చెప్పింది ఇది: "గీత చూడమన్నావు, గీతే చూశాను. ఆ కొసల్లో పుల్లల్ని చూడమని నువ్వు చెప్పలేదుగా."

ఇంతకన్నా మంచి జవాబు నేను ఏ రికార్డులోనూ చదవలేదు. కానీ దీని మీద చర్చ రాయాలి కదా. "ఫలితాలు సిద్ధాంతానికి అనుగుణంగా ఉన్నాయి" అనే వాక్యం మా సీనియర్ల రికార్డుల్లో అచ్చు గుద్దినట్టు ఉంటుంది. నా అంకెలు ఆ వాక్యానికి లొంగవు. భ్రమ ఉంది, కానీ సగం కన్నా తక్కువ ఉంది. ఎందుకు?

మొదట తట్టింది రాట్నం. పొందూరు కోడలిగా వచ్చాక అత్తగారి దగ్గర నూలు వడకడం నేర్చుకున్న మనిషి. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వి, ఏకులు చేసి, కంటికి ఆనీ ఆనని దారం తీసి దశాబ్దాలు గడిపింది. దారం ఎక్కడ లావెక్కిందో, ఎక్కడ సన్నగిల్లిందో ఆ కంటికి తెలుస్తుంది. అభ్యాసంతో ఈ భ్రమ తగ్గుతుందని ఛార్లెస్ జడ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1902లోనే చూపించాడు. అయితే ఆయన అభ్యాసం చేయించింది ఈ బొమ్మ మీదనే. దారం మీద నేర్చిన చూపు చెక్కపట్టీకి బదిలీ అవుతుందా అన్నది వేరే ప్రశ్న, అది నేను ఒక్కదాన్ని తేల్చేది కాదు.

రెండోది వయసు. పిల్లలు ఈ బొమ్మకు పెద్దవాళ్లకన్నా ఎక్కువ మోసపోతారు. కానీ అమ్మ వయసుకే ఆ తగ్గుదల వచ్చి ఉండాలి, రాలేదు.

మూడోది తట్టినప్పుడు పెన్ను కింద పెట్టేశాను. అమ్మమ్మ పుట్టింటివాళ్లది సముద్రం దగ్గరి ఊరు. పెళ్లయ్యేదాకా ఆమె పెరిగింది చుట్టింట్లో. గుండ్రటి మట్టిగోడ, పైన కొసదేరిన తాటాకు కప్పు, దాని అంచు దాదాపు నేలదాకా దిగి ఉండేదట. లోపలికి వంగి వెళ్లాలి. తుఫాను గాలి అలాంటి ఇంటిని పట్టుకోలేక చుట్టూ తిరిగి పోతుందని ఆమె ఇప్పటికీ గర్వంగా చెబుతుంది. ఆ ఇంట్లో మూల అన్నది లేదు. అల్లరి చేస్తే మూలన నిలబెట్టడం ఆమె బాల్యంలో సాధ్యమయ్యే శిక్ష కాదు.

మనస్తత్వశాస్త్రంలో ఈ మూలల సంగతికి పెద్ద కథే ఉంది. డబ్ల్యూ.హెచ్.ఆర్. రివర్స్ అనే ఆంగ్లేయుడు 1898లో కేంబ్రిడ్జి యాత్రతో ఆస్ట్రేలియాకు ఉత్తరాన ఉన్న టోరెస్ జలసంధి దీవులకు వెళ్లి, అక్కడివాళ్లకు ఇవే గీతలు చూపించాడు. తర్వాత 1901-02లో మన నీలగిరులకు వచ్చి అక్కడి తోడా తెగవాళ్లకు చూపించాడు. రెండుచోట్లా ఇంగ్లండువాళ్లకన్నా తక్కువ మోసపోయారు. చదువుకున్నవాడి కన్ను మెరుగైనదని నమ్మే రోజుల్లో అది చిన్న దెబ్బ కాదు. 1966లో సీగల్, క్యాంప్‌బెల్, హెర్స్‌కోవిట్స్ అనే ముగ్గురు పరిశోధకులు మరెన్నో సమాజాల్లో కొలిచి ఒక ఊహ ముందుకు తెచ్చారు: నలుచదరపు గదుల్లో, తలుపు చట్రాల మధ్య, బల్లల అంచుల మధ్య పెరిగిన కన్ను ప్రతి కోణాన్నీ గది మూలగా చదవడం నేర్చుకుంటుంది. బయటికి విచ్చుకున్న రెక్కలు దూరంగా ఉన్న మూలగా, బాణపు మొన దగ్గరగా ఉన్న అంచుగా తోస్తాయి. దూరంగా తోచినదాన్ని మెదడు పెద్దది చేసి చూపిస్తుంది. వాళ్లు కొలిచినవాళ్లలో అందరికన్నా ఎక్కువ మోసపోయింది అమెరికాలోని ఇవాన్‌స్టన్ ఊరివాళ్లు. తోడాల పాత ఇళ్లు, పీపాను నిలువునా చీల్చి బోర్లించినట్టు, వంపుగా ఉంటాయి. రివర్స్ వచ్చినప్పటికి ఈ ఊహ ఇంకా పుట్టలేదు. పుట్టి ఉంటే మరో రకంగా చూసేవాడేమో.

ఈ ఊహను అందరూ ఒప్పుకోలేదు. కంటిలోని రంగుపదార్థం వల్ల తేడా వస్తుందని కొందరు వాదించారు. పైగా ఒక్క అమ్మమ్మ ఏ సిద్ధాంతాన్నీ నిలబెట్టలేదు, పడగొట్టలేదు. అమ్మమ్మలో రాట్నమూ ఉంది, వయసూ ఉంది, చుట్టిల్లూ ఉంది, ఆమె స్వభావమూ ఉంది. వీటిని విడదీయాలంటే రాట్నం ముట్టని చుట్టింటి ఆడవాళ్లు కావాలి, డాబా ఇంట్లో పెరిగిన వడికేవాళ్లు కావాలి. మూడు వివరణలూ రాశాను, ఏదీ తేల్చలేదని కూడా రాశాను. మేడం ఎర్ర సిరా పెడితే పెట్టనీ. సిద్ధాంతానికి సరిపోయే వాక్యం కోసం అమ్మమ్మ అంకెలు దిద్దే ఉద్దేశం నాకు లేదు.

సాయంత్రం ప్రామాణిక విచలనం లెక్కిస్తుంటే ఎదురింటి పిన్ని వచ్చింది. ఇంటర్ చదివే కొడుకు హాస్టలు నుంచి వచ్చిన దగ్గర నుంచి నిద్రపోవడం లేదట, అన్నం కెలికి లేచిపోతున్నాడట. "నువ్వు అదే చదువుతున్నావు కదా తల్లీ, ఒక్కసారి మాట్లాడి సరిచెయ్యి" అంది. మాట్లాడతాను కానీ సరిచేసేంతదాన్ని కాదు పిన్నీ అన్నాను. 14416కి ఫోను చేస్తే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను వాళ్లు తెలుగులోనే మాట్లాడతారని, రాత్రీపగలూ ఉంటారని, డబ్బు కట్టక్కర్లేదని చెప్పి, కాగితం మీద రాసి ఇచ్చాను. ఆమె దాన్ని జాకెట్టులో దోపుకుని, అయినా నువ్వొకసారి రా అంది. వెళ్లాను. వాడితో క్రికెట్ గురించే మాట్లాడాను. నిద్ర మాట నేను ఎత్తలేదు, లేచి వస్తుంటే వాడే ఎత్తాడు. కాసేపు మళ్లీ కూర్చున్నాను. వాడు చెప్పింది ఇక్కడ రాయను. డాక్టరుకు చూపించడం వాడికీ ఇష్టమేనని మాత్రం వాడి అనుమతితోనే పిన్నికి చెప్పి వచ్చాను.

తిరిగొచ్చేసరికి అమ్మమ్మ ఫోనులో ఉంది. ఆమె చెల్లెలు, మరో ఇద్దరు మేనత్త కూతుళ్లు ఇంకా ఆ సముద్రం ఊళ్లోనే ఉన్నారు. ముగ్గురూ చుట్టిళ్లలో పెరిగినవాళ్లే, ముగ్గురిలో ఎవరూ రాట్నం పట్టినవాళ్లు కారు. వచ్చే సెలవులకు పట్టీతో అక్కడికి వెళ్లాలని అన్నం తింటున్నప్పుడే అనుకుని పైకి అన్నాను కూడా. నాకు కావలసిన సబ్జెక్టులు సరిగ్గా వాళ్లే. అమ్మమ్మ గొంతు వరండా దాకా వినిపిస్తోంది:

"నా మనవరాలు వస్తుంది. ఒక చెక్క చూపిస్తుంది. పుల్లల వైపు చూడకండి, గీతే చూడండి. మన పరువు తీయకండి."