రెండో ప్రూఫు

మంగళవారం, నవంబరు

పొద్దున్నుంచీ ముసురు. ప్రెస్సు నుంచి ఫోనొచ్చింది. గాలిలో తేమకి, పుస్తకాలకి వాడే మ్యాప్‌లితో రకం కాగితం అంచులు అలలు తిరిగిపోయాయని, మిషను షీటుని సరిగ్గా పట్టడం లేదని, రేపు చూద్దామని. ఆగడమే మంచిది. ఇలాంటి రోజు అచ్చేస్తే ఇంకు ఆరదు, దొంతిలో కింది షీటు సిరా పై షీటు వీపుకి అంటుకుంటుంది. జనవరి మొదట్లో పుస్తక మహోత్సవం ఉంటుంది కాబట్టి బెజవాడ ప్రచురణకర్తలకి నవంబరు, డిసెంబరు నెలలు పరుగే. 1989 నుంచీ ఇంతే. పుస్తకాల్లో తప్పులు దిద్దే ఈ పనిలోకి కొత్తగా రావాలనుకునేవాళ్లకి ఇంతకంటే మంచి అదను ఉండదు. ప్రూఫులు, అంటే తప్పులు చూడటానికి తీసిచ్చే పేజీలు, కుప్పలుగా ఉంటాయి, చూసేవాళ్లు దొరకరు. వెళ్లి అడిగితే నాలుగు పేజీలు చేతిలో పెట్టి చూడమంటారు.

మిషను ఆగింది కాబట్టి ఈరోజంతా రెండో ప్రూఫే. కొత్తగా చేరిన అమ్మాయికి మొదటి ప్రూఫూ, కరెక్షన్లు వేసి వచ్చిన రెండోదీ పక్కపక్కన పెట్టి ఇచ్చాం. కొత్తవాళ్లు మొదటి ప్రూఫు బాగా చూస్తారు, మార్జిన్లు ఎర్రబడిపోతాయి. రెండోది వచ్చేసరికి, తాము గుర్తుపెట్టిన చోట మార్పు పడిందా లేదా అని చూసి టిక్కు పెట్టేస్తారు. పుస్తకంలో చివరిదాకా మిగిలిపోయే తప్పులు ఎక్కువగా ఇక్కడ పుట్టినవే. కంప్యూటరు ఆపరేటరు ఒక ఒత్తు దిద్దబోయి పక్క అక్షరం చెరిపేస్తాడు. ఒక మాట చేరిస్తే పేరా ఒక లైను పెరుగుతుంది, ఆ లైను తర్వాతి పేజీకి జారుతుంది, అక్కణ్నుంచి ఇంకో పేజీకి. చివరికి అధ్యాయం ఆఖర్న రెండు మాటలతో ఒక కొత్త పేజీ పుడుతుంది, విషయసూచికలో అంకెలన్నీ తప్పిపోతాయి.

అందుకే దిద్దిన అక్షరం ఒక్కటే చూస్తే చాలదు, దిద్దిన పేరా మొత్తం మళ్లీ చదవాలి. దాని కింద పేజీ చివరిదాకా ప్రతి లైను మొదటి మాటా చివరి మాటా పాత ప్రూఫుతో సరిపోయాయో లేదో చూడాలి. ఎక్కడ తేడా కనిపిస్తే అక్కణ్నుంచి లైను లైనూ చదవాలి. పేజీ ఆఖరి మాటనీ తర్వాతి పేజీ మొదటి మాటనీ కలిపి చదవాలి, అక్కడ ఒక లైను ఎగిరిపోయినా రెండుసార్లు పడినా తెలుస్తుంది. పేజీ అంకెలు, పేజీ నెత్తిన ఉండే అధ్యాయం పేరు, విషయసూచిక, ఈ మూడూ చదివేటప్పుడు కాకుండా విడిగా, ఆఖర్న చూడాలి. చదువులో పడిన కన్ను వీటిని దాటేస్తుంది.

పదకొండు గంటలప్పుడు ఆ అమ్మాయి ఒక పేజీ పట్టుకొచ్చింది. "ఇది మొదటి ప్రూఫులో సరిగ్గానే ఉందండీ. నేను ముట్టుకోలేదు." ఆ లైనులో 'అర్ధశాస్త్రం' అని ఉంది. నాలుగు పేజీల ముందు 'అర్థరాత్రి'ని 'అర్ధరాత్రి'గా దిద్దమని గుర్తుపెట్టారు, అది సరైన కరెక్షనే. ఆపరేటరు పని తేలికవుతుందని 'అర్థ' ఉన్నచోటల్లా 'అర్ధ' పెట్టమని కంప్యూటరుకి చెప్పేశాడు. దాంతో పుస్తకంలో 'అర్థం' అన్నదల్లా 'అర్ధం' అయి కూర్చుంది. ఒక్కటి దొరికితే అలాంటివి ఎన్నున్నాయో వెతకాలని ఆ పిల్లకి చెప్పాల్సిన పని లేకపోయింది, అప్పటికే ఆరు పేజీలు మడతపెట్టి ఉంచింది. ఈ ఉద్యోగానికి కావలసిన గుణం అదే. సాహిత్యం మీద ప్రేమ ఉంటే చాలా మంచిది, కానీ మొదటి ఏడాది పని నడిచేది ఈ అనుమానంతోనే.

ఇక ఫాంట్లు. మన ఊళ్లో డీటీపీ సెంటర్లలో ఇంకా పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌తో, యూనికోడ్ కాని అను ఫాంట్లతో పని చేసేవాళ్లున్నారు. పేజ్‌మేకర్ చివరి వెర్షను 7.0, వచ్చింది 2001లో. పాత ఫైలుని యూనికోడ్‌లోకి మార్చి, ఇప్పుడు పేజీలు కూర్చే ఇన్‌డిజైన్‌లో పెట్టినప్పుడు తప్పులు ఒక వరసలో వస్తాయి, ఆ వరస తెలిస్తే పని సగమవుతుంది. పొల్లు తర్వాత కంటికి కనిపించని విడదీత ఒకటుంటుంది. అది పోతే 'రాజ్‌కుమార్' కాస్తా 'రాజ్కుమార్' అవుతుంది, 'సాఫ్ట్‌వేర్'కి వకారం ఒత్తయి కూర్చుంటుంది. ఇంగ్లీషు మాటలూ ఉత్తరాది పేర్లూ ఉన్న పేజీలు ముందు చూడాలి. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగు పెట్టకపోతే ఒత్తులు అక్షరం కిందికి చేరకుండా విడిగా నిలబడతాయి. లైన్ల మధ్య ఎడం ఇంగ్లీషు లెక్కన పెడితే పై లైను ఒత్తూ కింది లైను గుడీ ఢీకొంటాయి. 12 పాయింట్ల అక్షరానికి 17, 18 ఉంటే గాలాడుతుంది. ఫాంటుని బట్టి కొంచెం అటూ ఇటూ.

స్పెల్లింగుల్లో కొత్తవాళ్లని తిప్పలు పెట్టేవి కొన్నే: ప్రథమ, పథకం, సందర్భం, ఉచ్చారణ, స్వచ్ఛత, మధ్యాహ్నం. అనుమానం వస్తే ఇంటర్నెట్లో ఉన్న ఆంధ్రభారతి నిఘంటువులో చూడాలి, గుర్తున్నట్టుందని వదిలేయకూడదు. రెండు రకాలుగానూ చెల్లేవి వేరే సంగతి. వెళ్లి–వెళ్ళి, చెయ్యి–చేయి లాంటివాటిని ఏ పుస్తకానికి ఆ పుస్తకం ఒక కాగితం మీద రాసిపెట్టుకుని, మొదటి పేజీ నుంచి చివరిదాకా ఒక్కటే ఉంచాలి. సంభాషణల జోలికి మాత్రం పోకూడదు. పల్నాడు మనిషి 'ఏందిరా' అంటే దాన్ని 'ఏమిటిరా' అని దిద్దడం ఎడిటింగ్ కాదు. తేడాగా అనిపిస్తే పెన్సిలుతో ప్రశ్న రాసి రచయితకి పంపాలి. పెన్ను తప్పుకి, పెన్సిలు సందేహానికి.

మధ్యాహ్నం కాగితం లెక్క. ఇది ప్రెస్సువాళ్ల పని కదా అంటారు గానీ, ఎడిటరుకి రాకపోతే పేజీలు ఎన్నికి తేల్చాలో తెలియదు. పుస్తకం డెమ్మీ 1/8, అంటే సుమారు 5.5 అంగుళాల వెడల్పు, 8.5 ఎత్తు. 23 x 36 అంగుళాల షీటులో నాలుగు నాళ్లు పదహారు ఆకులు, రెండు వైపులా 32 పేజీలు. 160 పేజీలకి షీట్లు 5. వెయ్యి కాపీలకి 5,000 షీట్లు, రీముకి 500 చొప్పున 10 రీములు, పైన తరుగు. ఇదే పుస్తకం 163 పేజీలకి తేలితే ఆ మూడు పేజీల కోసం ఇంకొంత కాగితం దండగ. అందుకే రెండో ప్రూఫులో జారిన లైను అంత ముఖ్యం. 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 70 గ్రాములు తూగే) కాగితమైతే 80 ఆకుల పుస్తకం వీపు ఏడెనిమిది మిల్లీమీటర్లు వస్తుంది. కాగితం రకాన్ని బట్టి మారుతుంది కాబట్టి అదే కాగితంతో డమ్మీ, అంటే ఖాళీ నమూనా పుస్తకం, కట్టించి స్కేలు పెట్టి కొలిచాకే కవరు ఖాయం చెయ్యాలి. లెక్క మీద నమ్మకంతో కవరు ముందే అచ్చేయిస్తే వీపు మీది పేరు అట్ట ముందువైపుకి వంగి కనిపిస్తుంది.

పుస్తకాన్ని గుర్తించే పదమూడంకెల నంబరు ఐఎస్‌బీఎన్. దాన్ని ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఆన్‌లైన్లో ఇస్తుంది, ఉచితం. పేపర్‌బ్యాక్‌కి ఒకటి, ఈ-బుక్‌కి ఇంకోటి. మార్పుల్లేని పునర్ముద్రణకి పాతదే. అంకె తప్పు టైపైందేమో చూడటానికి తేలిక దారి ఉంది. మొదటి 12 అంకెల్ని వరసగా 1, 3, 1, 3 అంటూ గుణించి కూడాలి, దానికి ఎంత కలిపితే పదితో భాగం పోతుందో అదే పదమూడో అంకె. హక్కుల పేజీ కూడా అప్పుడే చూసుకోవాలి. రచయిత పోయాక 60 ఏళ్లు, అదీ మరుసటి ఏడాది జనవరి 1 నుంచి లెక్క. గురజాడ 1915లో పోయారు కాబట్టి ఆయన కవిత ఎవరైనా వేసుకోవచ్చు. కానీ ఈమధ్యవాళ్లెవరో ఆయన సంపుటానికి రాసిన ముందుమాట వేసుకోకూడదు, దానికి విడిగా హక్కుంటుంది. పుస్తకం వచ్చిన 30 రోజుల్లోపు కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై, ముంబయి, ఢిల్లీ గ్రంథాలయాలకీ తలా ఒక కాపీ పంపాలి. ఈ పని సాధారణంగా కొత్తవాళ్ల మీదే పడుతుంది.

సాయంత్రం గుంటూరు నుంచి ఒకబ్బాయి ఫోను చేశాడు, ఎంఏ తెలుగు, ఏం చదివి రావాలండీ అని. ఇగ్నోలో పుస్తక ప్రచురణ మీద పీజీ డిప్లొమా ఉంది, నేషనల్ బుక్ ట్రస్టువాళ్లు కూడా శిక్షణ ఇస్తారు. రెండూ మంచివే. కానీ పని అడగడానికి వచ్చేటప్పుడు సర్టిఫికెట్టు కన్నా దిద్దిన పేజీలు పట్టుకురమ్మని చెప్పాం. బెజవాడ ఏలూరు రోడ్డు మీద విశాలాంధ్ర పుస్తకాల షాపులోనో ఇంకెక్కడో కొత్త పుస్తకం ఒకటి కొని, పది పేజీలు జిరాక్సు తీసి, తప్పులు గుర్తుపెట్టి, ఏది ఎందుకు తప్పో పక్కన రాస్తే ఆ పది పేజీలే చాలు. కథల పుస్తకాల దగ్గరే ఆగిపోవద్దనీ చెప్పాం. బెజవాడ, గుంటూరు రెండు ఊళ్లలోనూ ఇంటర్, పోటీ పరీక్షల గైడ్లు వేసేవాళ్లకి ఏడాది పొడవునా ప్రూఫు చూసేవాళ్లు కావాలి. విసుగు పని, నిజమే. కానీ జవాబుల కీ, ప్రశ్న నంబరు, పట్టికలోని అంకె, ఈ మూడింటినీ కలిపి చూసే అలవాటు అక్కడే పడుతుంది.

పేజీ రేటుకి ఒప్పుకునే ముందు ఒకటి అడిగి రాయించుకోమన్నాం: రెండో ప్రూఫు ఆ రేటులోనే ఉందా, విడిగానా? మొదటిదానికే డబ్బు కట్టి రెండోది ఊరికే చూసిపెట్టమనేవాళ్లున్నారు. సగం రేటుకైనా ఒప్పించాలి గానీ ఊరికే మాత్రం ఒప్పుకోవద్దన్నాం.