మడతకత్తితో బుడితి దాకా

మా బావ ఫ్రాన్స్ నుంచి తెచ్చిచ్చిన మడతకత్తి పదేళ్ళుగా నా దగ్గరుంది. దాన్ని లాయోల్ కత్తి అంటారు, అది ఒక ఊరి పేరు. పశువుల కాపరుల జేబుల్లో ఉండేదట. 1829 నుంచి లెక్కపెడతారు దాని పుట్టుక. తర్వాత పని ఆ ఊరు విడిచి తియేర్ అనే పట్నానికి పోయింది, 1987లో మళ్ళీ సొంతూరు చేరింది. మేలైన రకాల్ని మొదటినుంచి చివరిదాకా ఒక్క మనిషే కూరుస్తాడు. అలాంటి కత్తికి ఈమధ్య పిడి చివరి ఇత్తడి పొన్ను కదిలిపోయింది. ఇత్తడి పనంటే మా శ్రీకాకుళం జిల్లాలో బుడితి పేరే చెబుతారు. ఇంకెక్కడికి వెళ్తాను?

పొద్దున్నే విశాఖలో రైలెక్కి ఆమదాలవలసలో దిగాను. స్టేషన్ బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది, కొత్తవాళ్ళు కంగారు పడతారు. అక్కణ్ణించి ఆటో. సారవకోట మండలం రాగానే రోడ్డుకి రెండు వైపులా వరిచేలే.

బుడితిలో నేను వెళ్ళిన ఇంటి అరుగు మీద చెంబులు, గంటలు, దీపపు కుందెలు ఉన్నాయి. కంచరి నా కత్తిని వెలుగుకి పెట్టి చూసి, పొన్ను లోపలి సీల అరిగిందన్నాడు. కొత్త ఇత్తడి సీల దూర్చి, దాని తలమీద చిన్న సుత్తితో గోరు తగిలినంత మెల్లగా కొట్టాడు. ఒక్క దెబ్బ కూడా గట్టిది లేదు. ఆకురాయితో నాలుగుసార్లు రాసేసరికి సీల ఎక్కడుందో నాకు కనిపించలేదు. వేలితో తడిమినా తెలియలేదు.

అలుగు మాత్రం ముట్టుకోలేదు. "ఇనుం పని మాది కాదు బాబూ, కమ్మరి తాత దగ్గరికెళ్ళండి" అని దారి చూపించాడు.

తాత కొడవలి చేస్తున్నాడు. పాత లారీ కమాను పట్టీ ముక్క కొలిమిలో ఎర్రబడుతోంది. తోలు తిత్తి పోయి చేత్తో తిప్పే ఫ్యాను వచ్చింది, మిగతాదంతా పాతదే: దాగలి, సమ్మెట, పట్టకారు. సాగగొట్టిన కొడవలిని మళ్ళీ కాల్చి, వాదర ఒక్కటే నీళ్ళలో ముంచి తీశాడు. ఇటుకముక్కతో గబగబా రుద్ది, తెల్లబడ్డ చోటు చూడమన్నాడు. వెనక మిగిలిన వేడి ముందుకి పాకుతుంటే ఉక్కు మీద రంగు మారుతోంది. ఎండుగడ్డి రంగు రాగానే చుయ్‌మని మళ్ళీ నీళ్ళలో పెట్టేశాడు. ఇంకాస్త ఆగితే నీలం తిరిగి వాదర మెత్తబడుతుందట, ముందే తీస్తే పెళుసుగా ఉండి విరుగుతుందట. ఆ క్షణం పట్టుకోడానికి ఆయన దగ్గరున్న కొలత కళ్ళే. నాకు ఊపిరి బిగిసింది.

నా కత్తి చేతికిస్తే తెరిచాడు, మూశాడు, చెవి దగ్గర పెట్టుకుని ఇంకోసారి తెరిచాడు. "మీరు దీన్ని టప్పున ఒదిలేస్తారు కదా" అన్నాడు. నిజమే, ఆ చప్పుడు నాకిష్టం. లోపలి స్ప్రింగు మీద వాదర తగిలి పడిన గీతని, వాదర మీద దానికి సరిపోయే నొక్కుని చూపించాడు. ఇలాంటి కత్తిని వేళ్ళతో పట్టి మెల్లగా మూయాలని ఆ కత్తులు వాడేవాళ్ళూ చెబుతారు. బావ కూడా ఇచ్చినరోజే చెప్పాడు, నేను వినలేదు. తాతకి ఎవరూ చెప్పలేదు, ఇలాంటి కత్తి చూడటం అదే మొదటిసారి.

సానరాయి మీద నీళ్ళు చల్లి నొక్కు పోయేదాకా అరగంట నూరాడు. మధ్యలో స్ప్రింగు కొసన ఉన్న బొమ్మ చూసి "ఇదేటి, ఈగా?" అని అడిగాడు. తేనెటీగ అన్నాను. అయితే అక్కడి కత్తిపనివాళ్ళు ఆ కొసని ఈగ అనే పిలుస్తారు, తేనెటీగ బొమ్మ 20వ శతాబ్దంలో వచ్చి చేరింది. ఆ మాట చెబితే "మరి నేనన్నదే" అని తాత ముఖం వెలిగింది.

ఇలాంటిది చేస్తావా తాతా అని అడిగాను. జవాబు చెప్పకుండా కమాను పట్టీ ముక్క ఒకటి తీసి, నా కత్తిని దానిమీద పరిచి సుద్దతో చుట్టూ గీత గీశాడు. పిడికి చింత చేవ, పొన్ను బుడితి ఇత్తడి. నెల్లాళ్ళు గడువడిగాడు. అడ్వాన్సు ఇచ్చాను.

"ఈ కొసన ఏటి పెట్టమంటారు?"

మాది ఉద్దానం. జీడిపిక్క పెట్టమన్నాను.